ఊరికే చేసిన వైద్యం



కిందటి చలికాలంలో ఒక సాయంత్రం మా ఆఫీసుకు ఒక పెద్దాయన వచ్చాడు. విజయనగరం కోర్టులో ప్రాక్టీసు చేసుకునేవాణ్ణి, నా దగ్గరకొచ్చే వాళ్ళలో ఎక్కువమంది గట్టు తగాదాల వాళ్ళే. చంకలోని సంచిలోంచి పాసుపుస్తకం తీస్తాడనుకున్నాను. ఎక్స్‌రే తీశాడు.

"మా అన్న కొడుకుది బాబూ. కాలు పొట్టయిపోనాది. డాక్టరు మీద కేసెయ్యాల."

సంగతేమిటంటే, ఆ కుర్రాడు రామభద్రపురం నుంచి గజపతినగరం వస్తూ, లైటు లేకుండా రోడ్డు వారన ఆగివున్న లారీని చీకట్లో బండితో గుద్దేశాడు. తొడ ఎముక విరిగింది. చుట్టూ చేరినవాళ్ళు ముట్టుకోవడానికి భయపడుతుంటే, సాలూరు వైపు నుంచి కారులో వస్తున్న ఒక డాక్టరు ఆగాడు. కుర్రాడి కాలు మడమ దగ్గర పట్టుకుని నెమ్మదిగా సాగదీసి, ఎవరో తెచ్చిన రెండు కర్రముక్కలు అటూ ఇటూ పెట్టి, తువ్వాళ్ళతో కట్టాడు. 108 వచ్చేదాకా ఆ మట్టిలోనే కూర్చుని నాడి చూస్తూ ఉన్నాడు. కుర్రాడు బతికాడు. తర్వాత పెద్దాసుపత్రిలో ఆపరేషను చేసి రాడ్డు వేశారు. నడుస్తున్నాడు గానీ ఆ కాలు అంగుళం తక్కువైంది. రోడ్డు మీద లాగబట్టే ఇలా అయిందని ఎవరో వీళ్ళకి ఎక్కించారు.

"డాక్టరు ఫీజెంత తీసుకున్నాడు?" అని అడిగాను.

"ఏటీ తీసుకోనేదు. మావోడు జేబులో డబ్బెట్టబోతే ఒద్దన్నాడట."

"అయితే ఈ కేసు నిలవదు" అన్నాను.

ఆయన నా వంక కాసేపు చూసి అడిగాడు. "అంటే ఏటి బాబూ, ఊరికే చేసినాడని కాలు పొట్టి చేసెయ్యొచ్చేటి?"

ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసులో ఇంత సూటి ప్రశ్న జడ్జీలు కూడా నన్ను అడగలేదు. ఆ రోజు ఆయనకి ఇచ్చిన జవాబు సగమే. మిగతా సగం ఇవాళ మీకు చెబుతాను.

ముందు పులి కథ. ఒక మనిషిని పులి నోట కరుచుకుపోతోంది. ఇంకొకడి చేతిలో తుపాకి ఉంది. పేల్చితే గుండు ఆ మనిషికే తగిలి చచ్చిపోవచ్చు, ఆ సంగతి వాడికి తెలుసు. అయినా కాపాడాలనే పేల్చాడు. గుండు మనిషికే తగిలింది, పోయాడు. పేల్చినవాడు హంతకుడా? కాదంటుంది చట్టం. ఈ ఉదాహరణ ఉన్నది 1860 నాటి భారత శిక్షాస్మృతి 92వ సెక్షన్లో. మెకాలే గారి కమిషను 1837లో చిత్తుప్రతి తయారుచేసినప్పటి కాలంలో పులులు ఊళ్ళలోకి రావడం వింత కాదు. మనకీ మరీ దూరపు సంగతేం కాదులెండి. 2022లో మన జిల్లా పల్లెల్లో పులి తిరుగుతోందని పొద్దుగూకితే తలుపులు బిడాయించుకున్నాం.

పులి పక్కనే అక్కడ ఒక వైద్యుడు కూడా ఉన్నాడు. ఒకతను గుర్రం మీంచి పడి స్పృహ తప్పాడు. పుర్రెకు రంధ్రం చెయ్యకపోతే బతకడని శస్త్రవైద్యుడికి తెలుస్తుంది. అనుమతి అడుగుదామంటే రోగికి తెలివి లేదు, అయినవాళ్ళు దగ్గర లేరు. వైద్యుడు ఆగకుండా ఆపరేషను చేసేస్తాడు. అది నేరం కాదు. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, ఈ 92 అందులో 30వ సెక్షనయింది. పులీ గుర్రమూ కొత్త ఇంట్లోకి కూడా సామానుతో పాటే వచ్చేశాయి.

ఈ సెక్షనులో ఫీజు మాటే లేదు. వైద్యుడు ఫీజు తీసుకున్నాడా, ఊరికే చేశాడా అని అది అడగదు. సద్బుద్ధితో చేశాడా అని అడుగుతుంది. ఇక్కడే మెలిక ఉంది. మన వాడుకలో సద్బుద్ధి అంటే మంచి మనసు. చట్టం మాటల్లో అలా కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది ఏదైనా సద్బుద్ధితో చేసినట్టు కాదని ఆ చట్టమే ముందు పేజీల్లో నిర్వచనం రాసుకుంది. తప్పతాగి వచ్చి కత్తి పట్టినవాడు నా మనసు మంచిదే అంటే కుదరదు.

ఇప్పుడు ఢిల్లీ పోదాం. స్కూటరు మీద పోతున్న ఒకాయన్ని కారు గుద్దింది. ఎవరో పుణ్యాత్ముడు ఎత్తుకుని దగ్గరున్న ఆసుపత్రికి తీసుకుపోతే, ఇది పోలీసు కేసు, మేం చూడం, ఇలాంటివి చూసే ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల అవతల ఉంది, అక్కడికి పొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. పేపర్లో వచ్చిన ఆ వార్త పట్టుకుని పరమానంద్ కటారా అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1989 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాలి, పోలీసు కాగితాలు తర్వాత అని కోర్టు తేల్చింది. డాక్టర్లను సాక్ష్యాల పేరుతో అనవసరంగా తిప్పవద్దని పోలీసులకీ కోర్టులకీ కూడా చెప్పింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనులోనూ ఇదే మాట ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరు లాంఛనాల కోసం చూడకుండా గాయపడ్డవాడికి వైద్యం మొదలుపెట్టాలి.

చూడమని చెప్పడం ఒక ఎత్తు, చూసినవాణ్ణి కాపాడడం ఇంకో ఎత్తు. ఆ రెండోది రావడానికి మరో ముప్ఫై ఏళ్ళు పట్టింది. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, రోడ్డు మీద సాయం చేసినవాళ్ళ విషయంలో కేంద్రం రాసిన మార్గదర్శకాలకు చట్టంతో సమానమైన బలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134-ఏ అనే కొత్త సెక్షను చేరింది. దాని పేరు గుడ్ సమారిటన్. బైబిల్లో జెరికో దారిన దెబ్బలు తిని పడివున్నవాడికి కట్టుకట్టిన సమరయుడు అన్నమాట. ఆయన వైద్యుడు కాదు, పైగా పూటకూటి ఇంటివాడికి డబ్బు ఎదురిచ్చి పోయాడు.

ఈ 134-ఏ చాలా ఉదారమైనది. మోటారు వాహన ప్రమాదంలో గాయపడ్డవాడికి ఏ ప్రతిఫలమూ ఆశించకుండా, తనంత తానుగా, సద్బుద్ధితో, ఆ ప్రమాదం జరిగినచోటో ఆసుపత్రికి తీసుకుపోయే దారిలోనో సాయం చేస్తే, ఆ సాయంలో అజాగ్రత్త జరిగి గాయం పెరిగినా, మనిషి పోయినా, సాయం చేసినవాడి మీద సివిలు దావా లేదు, క్రిమినలు కేసూ లేదు. అజాగ్రత్త అన్న మాట పైకి చెప్పి మరీ దాన్ని మాఫీ చేసింది. సాయం వైద్యమైనా, ఆటోలో ఎక్కించడమైనా ఒకటే. పేరు చెప్పమని పోలీసులు బలవంతం చెయ్యకూడదు. ఈ హక్కుల పట్టిక ఆసుపత్రి గుమ్మం దగ్గర స్థానిక భాషలో కూడా పెట్టాలని 2020 నాటి నిబంధన. ఈసారి ఏ ఆసుపత్రికైనా వెళ్తే, పార్కింగు రేట్ల బోర్డు చూసే కళ్ళతోనే ఇదీ కనిపిస్తుందేమో చూడండి.

ఇందులో ఒక చిత్రం ఉంది. ప్రతిఫలం ఆశించనివాడికే రక్షణ అని చట్టం రాసిన ప్రభుత్వమే, క్షతగాత్రుణ్ణి గోల్డెన్ అవర్‌లో, అంటే మొదటి గంటలో, ఆసుపత్రికి చేర్చినవాడికి 2021లో అయిదు వేలు బహుమతి ప్రకటించింది. 2025లో దాన్ని పాతిక వేలు చేసింది. ఇచ్చేది సర్కారు, రోగి కాదు కాబట్టి గొడవ లేదనుకోండి. ఇవ్వబోయిన డబ్బు వద్దన్న డాక్టరు మాత్రం తెలిసో తెలియకో తన రక్షణను తానే గట్టి చేసుకున్నాడు.

మా పెద్దాయనకు కేసు నిలవదని చెప్పింది ఈ 134-ఏ చూసుకునే. తర్వాత ఆ డాక్టరు ఒక పెళ్ళిలో కలిశాడు. కేసు ఎవరు వెయ్యబోయారో చెప్పలేదు గానీ, కాలు సాగదీస్తే పొట్టవుతుందా అని మాటల్లో పెట్టి అడిగాను. ఆయన అరిటాకు ముందు కూర్చునే పెద్దగా నవ్వాడు.

"ప్లీడరు గారూ, లాగితే పొడుగవుతుంది గానీ పొట్టవుతుందా? విరిగిన తొడ ఎముకను కండరాలు పైకి లాగేస్తాయి, ముక్క మీదకి ముక్క ఎక్కుతుంది. లోపల లీటరు పైన నెత్తురు బయటకు చుక్క కనపడకుండా కారిపోగలదు. సాగదీసి కడితే ఆ కారడం తగ్గుతుంది. ఆ రోజు నేను చేసిందదే. కాలు ఎందుకు తగ్గిందో ఎముక ఎన్ని ముక్కలైందో చూస్తేగానీ చెప్పలేం."

ఆ మాట మీదే, వడ్డించిన బొబ్బట్టు పక్కన పెట్టేసి ఆయన అడిగాడు. "మరి కంటకాపల్లి సంగతేమిటండీ?"

ఈ ప్రసంగానికి అసలు కారణం ఈ ప్రశ్నే.

2023 అక్టోబరు 29, ఆదివారం. రాత్రి ఏడు కావస్తోంది. కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య నిదానంగా పోతున్న విశాఖ–పలాస పాసింజరును, వెనకనుంచి వచ్చిన విశాఖ–రాయగడ పాసింజరు గుద్దింది. పద్నాలుగు మంది పోయారు, యాభై మంది దాకా గాయపడ్డారు. గాయపడ్డవాళ్ళలో ఎక్కువమందిని తెచ్చింది మన విజయనగరం పెద్దాసుపత్రికే. ఊళ్ళో కొత్త మెడికల్ కాలేజీ మొదలై అప్పటికి ఆరు వారాలు. అంతకుముందు 2017 జనవరిలో కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి నలభై మంది దాకా చనిపోయారు. 2013లో దీపావళి ముందురోజు గొట్లాం దగ్గర, బోగీలో మంటలన్న పుకారు విని పక్క పట్టాల మీదకు దిగిన జనం మీదుగా ఇంకో రైలు పోయింది. రైలు ప్రమాదం మన జిల్లాకి కొత్త కాదు.

ఆ చీకట్లో, వంకరపోయిన బోగీలో, ఇనుము కింద కాలు ఇరుక్కున్న మనిషి ఉన్నాడనుకోండి. ప్రయాణికుల్లోనే ఉన్న ఒక డాక్టరు నడుం బెల్టు తీసి ఆ తొడకి బిగించాడు. నెత్తురు ఆగింది, ప్రాణం నిలిచింది. బెల్టు ఎక్కువసేపు ఉండడంతో కాలు పోయింది. గజపతినగరం రోడ్డు మీద అదే పని చేస్తే 134-ఏ ఉంది. పట్టాల మీద లేదు. రైలు మోటారు వాహనం కాదు. అదే చెయ్యి, అదే బెల్టు, అదే నెత్తురు. చక్రం కింద తారు ఉందా, ఇనుము ఉందా అన్నదాన్ని బట్టి చట్టం మారిపోతుంది.

పైడితల్లమ్మ పండగ తీసుకోండి. దసరా వెళ్ళిన మంగళవారం. మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా ఇసకేస్తే రాలని జనం. ఎండకి ఒక యాభై ఏళ్ళాయన కూలబడ్డాడు. గుండె ఆగింది. పక్కన నిలబడ్డ డాక్టరు రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. నిమిషానికి నూటికి తగ్గకుండా, ప్రతి నొక్కుకీ రొమ్ము రెండంగుళాలు దిగేట్టు. అలా నొక్కితే పక్కటెముకలు విరగడం మామూలే. పెద్దవయసు వాళ్ళలో పుటుక్కున శబ్దం కూడా వినిపిస్తుందట. ఆయన బతక్కపోతే, పక్కటెముకలు విరగ్గొట్టి చంపేశాడన్న మాట ఆ జనంలో పుట్టడానికి ఎంతసేపు? ఇక్కడ వాహనం లేదు, కాబట్టి 134-ఏ లేదు. పాము కరిచినవాడికి, భోగాపురం తీరంలో మునిగినవాడికి, బస్టాండులో నొప్పులొచ్చిన ఆడమనిషికి, ఎవరికి సాయం చేసినా ఇంతే.

అలాగని ఆ డాక్టరు ఒంటరి కాడు. 30వ సెక్షను, అదే పులి సెక్షను, ఆయన వెనకే ఉంది. ఇంకో బలం 2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు. లూధియానాలో ఒక రోగికి ఊపిరాడకపోతే తెచ్చి పెట్టిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీది. రోగి పోయాడు, డాక్టర్ల మీద క్రిమినలు కేసు పెట్టారు. సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేస్తూ చెప్పిందేమిటంటే, డాక్టరును జైలుకి పంపాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. మరో డాక్టరు అభిప్రాయం, వీలైతే సర్కారు డాక్టరుది, తీసుకోకుండా పోలీసులు ముందుకు పోకూడదు. మిగతా నేరాల్లోలాగా వెళ్ళి అరెస్టు చేసెయ్యకూడదు. కొత్త న్యాయ సంహితలో కూడా నిర్లక్ష్యంతో చావుకి కారణమైతే మిగతావాళ్ళకి అయిదేళ్ళ దాకా శిక్ష, వైద్యం చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకి రెండేళ్ళ దాకా.

తేడా ఎక్కడంటే, రోడ్డు మీద డాక్టరుకు గుమ్మం దగ్గరే అడ్డుగోడ ఉంది. దావా లోపలికే రాదు. మిగతా చోట్ల గోడ లేదు. లోపలికి రానిచ్చి, నేను జాగ్రత్తగానే చేశాను అని ఆయన చెప్పుకోవాలి. గెలవొచ్చు, చాలాసార్లు గెలుస్తాడు కూడా. అప్పటిదాకా వాయిదాలు, సమన్లు, పేపర్లో పేరు. నేను చూసినంతలో డాక్టర్లు శిక్షకి భయపడరు, ఈ తిరుగుడుకి భయపడతారు. ఆ తిరుగుడు మీదే బతికేవాణ్ణి నేను, నా మాట నమ్మొచ్చు.

వినియోగదారుల కోర్టు సంగతి కూడా చెప్పాలి, ఊరికే అన్న మాటకి అసలు విలువ అక్కడే. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు డాక్టర్లను వినియోగదారుల చట్టం కిందకి తెచ్చింది. అందరికీ ఉచితంగా చూసే చోట, అంటే మన ఘోషాసుపత్రి లాంటి సర్కారు ఆసుపత్రిలో, రోగి వినియోగదారుడు కాడు. ఓపీ చీటీకిచ్చే చిల్లర లెక్కలోకి రాదు. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చూసే చోట మాత్రం ఉచితంగా చూపించుకున్నవాడు కూడా వినియోగదారుడే. అంటే డాక్టరు జాలిపడి ఫీజు వద్దన్న రోగి కూడా, పక్క బెంచీ మీది వాళ్ళు డబ్బిచ్చారు కాబట్టి, ఆ డాక్టరును కమిషనుకు ఈడ్చవచ్చు. పండగ జనంలోనో పట్టాల పక్కనో చేసిన ఉచిత వైద్యం దాని బయట. 2024 మేలో అదే సుప్రీంకోర్టు, వకీళ్ళు ఈ వినియోగదారుల చట్టం కిందకి రారని చెప్పింది. అప్పటినుంచి డాక్టరు మిత్రులు మమ్మల్ని చూసే చూపు వేరుగా ఉంది.

మన పల్లెల్లో ముందుగా పరుగెత్తుకొచ్చేది ఎంబీబీఎస్ కాదు, సైకిలు మీదో బండి మీదో తిరిగే ఆర్‌ఎంపీ. రోడ్డు ప్రమాదంలో కట్టుకట్టి ఆటో ఎక్కిస్తే అతనూ గుడ్ సమారిటనే, 134-ఏ డిగ్రీ అడగదు. అదే చేత్తో సూది మందు ఎక్కిస్తే కథ మారుతుంది. 1996లో పూనం వర్మ కేసులో, హోమియో చదివి అల్లోపతి మందులిచ్చిన డాక్టరు విషయంలో, తెలియని వైద్యం చెయ్యడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు అంది. అతను నెత్తురు ఆపనీ, సూది జేబులోనే ఉండనీ.

క్యాజువాలిటీలో జీతం మీద కూర్చున్న డాక్టరు గుడ్ సమారిటన్ కాడు, కాకూడదు కూడా. అక్కడ రోగిని చూడడం ఆయన దయ కాదు. ఆసుపత్రిలో జరిగిన తప్పును ఉచితం అన్న దుప్పటి కింద దాస్తే, దాని బరువు మోసేది పేదవాడే. ఆ పెద్దాయన ప్రశ్నలో న్యాయం ఉందని నేననేది అందుకే. ఊరికే చేశారని కాలు పొట్టి చెయ్యకూడదు. నిజంగా ఆపరేషను బల్ల మీద తప్పు జరిగి ఉంటే అడిగే దారి ఉండాలి, ఉంది. ఆ ఎక్స్‌రే పట్టుకుని ఇంకో ఎముకల డాక్టరుకి చూపించమన్నాను. నెల తర్వాత వచ్చి, ఎముక మూడు ముక్కలైందట, అంగుళమే తగ్గడం నయమన్నాడట అని చెప్పి, నాకు రెండు పనసపళ్ళు ఇచ్చిపోయాడు.

డాక్టర్లు ఉచితంగా చేసే అత్యవసర వైద్యానికి ప్రత్యేకంగా రక్షణ ఇవ్వాలన్న ఆలోచనను అమెరికాలోని కాలిఫోర్నియా 1959లోనే చట్టం చేసింది. అక్కడ ప్రమాదం ఏ చక్రం మీద జరిగిందన్న ప్రశ్న లేదు, అత్యవసరమా కాదా అంతే. అత్యవసర వైద్యాన్ని రోడ్డుకే కట్టెయ్యకూడదని మన దగ్గర కూడా ఆలోచించారు. ఆలోచించింది తెలుగాయనే. జస్టిస్ ఎం. జగన్నాథరావు గారు అధ్యక్షులుగా ఉన్న లా కమిషన్ 2006లో ఇచ్చిన 201వ నివేదికలో, ప్రమాదాలతో పాటు ఇతర అత్యవసర స్థితులకీ, పురిటి నొప్పులకీ కలిపి ఒక నమూనా చట్టం రాసి పెట్టారు. పార్లమెంటు మాత్రం రోడ్డు వరకే నడిచి ఆగింది. 134-ఏలో ఉన్న మోటారు వాహనం అన్న రెండు మాటల చోట అత్యవసర స్థితి అన్న రెండు మాటలు పెట్టి, దాన్ని తెచ్చి న్యాయ సంహితలో 30వ సెక్షను పక్కన కూర్చోబెడితే నా మటుకు నాకు చాలు. సద్బుద్ధి నిర్వచనం అక్కడే ఉంది కాబట్టి తాగి వచ్చినవాడు ఎలాగూ తప్పించుకోలేడు.

అప్పటిదాకా ఏం చెయ్యమంటారని ఆ పెళ్ళిలోనే డాక్టరు అడిగాడు. ఇంటికి వెళ్ళేలోపల రాసుకోండి అన్నాను. ఎన్ని గంటలకి చూశారు, అప్పుడు మనిషి ఎలా ఉన్నాడు, మీరేం చేశారు, ఎవరికి అప్పజెప్పారు. కోర్టులో తగిన జాగ్రత్త అన్నదాన్ని నిలబెట్టేది ఆ నాలుగు ముక్కలే.

ఈమధ్య ఒక రోజు కోర్టు గేటు దగ్గర ఆయన కారు ఎక్కాను. డ్యాష్‌బోర్డు మీద చేతి తొడుగుల ప్యాకెట్టు, పక్కన మందుల కంపెనీ వాళ్ళిచ్చిన చిన్న డైరీ. తీసి చూపించాడు. చివరి పేజీలో ఆయన చేతిరాత. రాత్రి 8.10, స్టేషను రోడ్డు, మగమనిషి, అరవై పైన, ఊపిరి లేదు. 8.11, నొక్కడం మొదలు. 8.24, నాడి అందింది. 8.31, 108. పేరు అన్నచోట గీత ఒకటే ఉంది.

"పేరు?" అన్నాను.

"ఆయనదా, నాదా?" అన్నాడు డాక్టరు, కారు స్టార్టు చేస్తూ.